హుసేనప్ప చెప్పినట్టు

ఆదోని,
9 జనవరి 2023.

చిరంజీవి సుమయ్యకు దాదా గఫూర్ దీవించి వ్రాయునది.

ఈ నెల ఒకటో తేదీని నేను సామాన్య దినంగా ఎంచను. ఆనాడు మన ఇంటి ఆడబిడ్డ సముద్రం నడుమ ఒక దీవిలో, సున్నపురాతి గుహ అడుగున, సూర్యుడు ఎన్నడూ చూడని సరస్సులో మునిగి క్షేమంగా వెలికి వచ్చింది. వానకై మొగమెత్తి చూసే నేలమీద పుట్టి, బిందెడు నీటికి బారులు తీరే వీధిలో పెరిగిన పిల్లకు భూమి తన కడుపులో దాచిన నీటిని చూపింది. నీటి విలువ ఎరిగినవారికే దాని మరుగు తెలుస్తుందని ఈ దినానికి అర్థం చెప్పుకున్నాను. పొద్దు పొడిచాక కృతజ్ఞతగా రెండు రకాతుల షుక్రానా నమాజు చదివి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మొన్న మా సాహితీ సమితిలో ఈ సంగతి చెప్పాను. పత్తి వ్యాపారి మహేశ్వర్ లేచి నా చెవి దగ్గరికి వచ్చి, "సార్, మీ మనవరాలికి అంత ఊపిరి యాడిదప్పా?" అన్నాడు. ఆ ప్రశ్నకోసమే కాచుకుని ఉన్నవాణ్ణి! అయిదేళ్ల వయసులో నా ఒడిలో కూర్చుని సీసపద్యం పాదాన్ని ఒక్క గుక్కలో చెప్పేదానివనీ, చివరికి వచ్చేసరికి మొగం కందినా ఆపేదానివి కాదనీ చెప్పాను. "ఆ ఊపిరి నా పద్యం పెట్టిన భిక్ష" అన్నాను. చప్పట్లు కొట్టారు. చెవి దగ్గర గట్టిగా చెబితే తప్ప వినబడని నాకు ఆ చప్పుడు అందలేదుగానీ చేతులు కదలడం చూశాను.

ఫోనులో నీ గొంతు నాకు అందదు కనుక ఉత్తరమే మనకు దారి. ఆ సరస్సు ఎట్లా ఉంటుందో విడమరిచి వ్రాయి.

నీ దాదా.

*

అండమాన్ దీవి శిబిరం,
24 జనవరి 2023.

పూజ్యులైన దాదాకు సలాం.

ఇక్కడ సిగ్నల్ లేదు. వారానికొక పడవ వచ్చి ఉత్తరాలు తీసుకుపోతుంది. ఇది ఆ పడవ కోసం రాస్తున్నాను.

మడ అడవి దాటితే గుహ ద్వారం. కొంత దూరం నడవాలి, కొంత దూరం పాకాలి. తరువాత పైకప్పు ఒక్కసారిగా ఎత్తుగా లేస్తుంది, కింద సరస్సు. టార్చి వేస్తే నీళ్లున్నాయని తెలియదు, అంత తేట. పైన మంచినీళ్లు, నిలువెత్తు లోతున ఉప్పునీళ్లు. రెండూ కలిసేచోట వేడి రోడ్డు మీద గాలిలాగా చూపు అల్లాడుతుంది. గాలి సిలిండర్లు వీపున కట్టుకుని, ద్వారం నుంచి లాక్కొచ్చిన తాడును చేతిలో పట్టుకుని, మంజులా నేనూ ఈదుతాం. మంజుల నా జోడీ. ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి.

సరస్సు చివర నీటి అడుగున ఒక ఇరుకు దారి ఉంది. ఆరు మీటర్ల పొడవు, మనిషి పడుకుంటేనే పట్టేంత ఎత్తు. దానికవతల రెండో సరస్సు ఉందని పరికరాలు చెబుతున్నాయి. దాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు. చిక్కు ఏమిటంటే ఆ దారిలో పైనా కిందా మెత్తటి బంకమట్టి. మేం వదిలిన గాలిబుడగలు కప్పుకు తగిలినా చాలు, మట్టి రాలి నీళ్లు రాగి అంబలి అయిపోతాయి. వచ్చే నెలాఖరుకు ఒక్క ప్రయత్నం చేయనిస్తానని మా గుహ పరిశోధన బృందనాయకుడు మాటిచ్చాడు. ఆ రెండో సరస్సును మొదట చూసే కళ్లు నావి కావాలని ఎంత ఆశగా ఉందో మీకు చెప్పలేను.

పోర్ట్ బ్లెయిర్ రేడియోవాళ్లు వచ్చి, ఈత ఎవరు నేర్పారని అడిగారు. ఎమ్మిగనూరు హుసేనప్ప తాత పేరు చెప్పాను. మీకు తెలియదు, దాదా. వేసవిలో అక్కడ మీ చెల్లెలు మదార్‌బీ దాదీ ఇంటికి పోయినప్పుడు ఆయనే నేర్పాడు. బావుల్లో పడిన మోటార్లూ బిందెలూ మునిగి తీయడం ఆయన పని. నడుముకు ఎండు సొరబుర్ర కట్టి, గట్టుమీద నుంచి కాలితో తోసి, "ఈదుతావో నీళ్లు తాగుతావో నీ ఇష్టం పాపా" అన్నాడు. చెబితే మీరు పంపరని దాచాను. మీ పద్యాలు కూడా పనికొచ్చాయి లెండి!

ఒక సాయం చేయాలి. నాకు పదకొండేళ్లప్పుడు ఒక పాతబావి పక్క సొరంగంలోకి పోయి ఆయన మోటారు తీయడం చూశాను. బయటికి వచ్చినప్పుడు నీళ్లు మసక కూడా కాలేదు. ఆ సొరంగం నిండా బురదే. అదెట్లా చేశాడో అడగండి. ఆయనకు చదువు రాదు కదా, మీరే ఎమ్మిగనూరు పోయి, ఆయన చెప్పినట్టు రాసి పంపండి. నలభై ఏళ్లుగా వీధి వీధంతటికీ ఉత్తరాలు రాసిపెట్టినవారు మీరు. మీకంటే నమ్మకమైన చేయి నాకెవరిది?

మీ సుమయ్య.

*

ఆదోని,
8 ఫిబ్రవరి 2023.

చిరంజీవి సుమయ్యకు.

రేడియోలో నీవు మాట్లాడేది తన ఫోనులో విని వ్రాసిపెట్టమని పక్కింటి తస్లీమాను నేను ముందే అడిగి ఉంచాను. ఆ పిల్ల వ్రాసిన కాగితంలో నా పేరు ఎక్కడా లేదు. "మళ్లీ ఒకసారి వినమ్మా" అన్నాను. "మూడుసార్లు ఇన్నా సార్, హుసేనప్ప అనే సెప్తాంది" అన్నది. మరునాడు బజారులో మహేశ్వర్ ఎదురయ్యాడు. "ఏం సార్, ఆ ఊపిరి పద్యానిది గాదంట, బాయిదంట!" అని నా చెవిలో అరిచి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు.

నీకు అక్షరాభ్యాసం చేయించింది ఎవరు? యతిప్రాసల మర్మం చెప్పింది ఎవరు? పద్యం మధ్యలో ఎక్కడ గాలి పీల్చాలో, ఎక్కడ పీల్చకుండా నిలవాలో నీ వీపుపై చేయి వేసి చూపింది ఎవరు? అవి "కూడా" పనికొచ్చాయని వ్రాశావు. ధన్యుణ్ణి. నన్ను దాదా అన్న నోటితోనే ఆ బావులవాణ్ణి తాత అంటున్నావు. ఒక మనిషికి తాతలు ఎందరైనా ఉండవచ్చు. నాకు ఒక్కతే మనవరాలు.

ఇక నీవు అడిగిన పని. ఎమ్మిగనూరుకు వెళ్లాను. హుసేనప్ప చెప్పినది చెప్పినట్టే వ్రాసి, అతని వేలిముద్ర వేయించి జతచేస్తున్నాను.

"పాపా, బురద లేసేది ఊపిరితో. దావలో పోయేటప్పుడు ఊపిరి బిగబట్టుకో. ఒక్క బుడగ గూడ బయటికి రాకూడదు. చిన్నప్పటినుంచి నీ గుండెలో కూడబెట్టిన ఊపిరి ఉండాది. దాన్ని నమ్ముకో. అదే నిన్ను ఆ పక్కకు చేరుస్తాది. — హుసేనప్ప."

నీ దాదా.

*

శిబిరం,
22 ఫిబ్రవరి 2023.

దాదాకు సలాం.

మీ కోపం న్యాయమే. ఈత సంగతి అన్నేళ్లు దాచడం నా తప్పు. బావిలో పడతానని భయపడి ఉండేవారని ఇప్పుడు అర్థమవుతోంది. ఇంటికి వచ్చాక ఎన్ని తిట్లయినా పడతాను.

హుసేనప్ప తాత మాట చదివి ఎగిరి గంతేశాను. ఆ వేలిముద్ర మీద నా వేలు ఆనించి చూసుకున్నాను. మంజుల మాత్రం ముఖం చిట్లించింది. "సిలిండర్ వేసుకున్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదనేది మొదటి రోజు పాఠం. మీ తాతకు సిలిండర్ తెలుసా?" అంది.

"బురద తెలుసు" అన్నాను.

"నీకు పిచ్చి."

"నలభై ఏళ్లు చీకటి నీళ్లలో బతికిన మనిషి చెప్పిన మాట ఇది. పుస్తకం రాసినవాడు ఎమ్మిగనూరు బావిలో దిగలేదు."

నియమం నాకూ తెలుసు, దాదా. కానీ కప్పు మట్టిని రాల్చేవి బుడగలే కదా! అందుకే ఆయన మాట సరిగ్గా అతికినట్టు అనిపించింది. ఆరు మీటర్లే. ఇరవయ్యేడో తేదీ నా వంతు. ఈ ఉత్తరం మీకు చేరేసరికి రెండో సరస్సును చూసి వచ్చి ఉంటాను. ఆయనకు చెప్పండి.

మీ సుమయ్య.

*

ఆదోని,
5 మార్చి 2023.

అమ్మా సుమయ్యా,

నీ ఉత్తరం నిన్న చేరింది. తేదీ చూసి పరుగున పక్కింటికి పోయాను. తస్లీమా చేత పోర్ట్ బ్లెయిర్‌లోని మీ కార్యాలయానికి ఫోను చేయించాను. "ఆసుపత్రిలో ఉందంట సార్, గండం గడిసిందంట" అని ఆ పిల్ల నా ఎదుట పలకమీద వ్రాసి చూపింది. అంతకుమించి ఏమీ చెప్పలేదట.

ఊపిరి బిగబట్టవద్దు. ఎవరు చెప్పినా, ఎవరి వేలిముద్ర ఉన్నా వద్దు. కారణం తరువాత వ్రాస్తాను.

ఈ వేళ ఏ పద్యమూ నోటికి రావడం లేదు. దువా ఒక్కటే చేస్తున్నాను.

దాదా.

*

పోర్ట్ బ్లెయిర్,
14 మార్చి 2023.

దాదాకు సలాం.

బాగానే ఉన్నాను. దగ్గు తగ్గింది. తలనొప్పి పొద్దుటిపూట మాత్రం వస్తోంది.

జరిగింది ఇది. దారిలోకి దూరగానే ఊపిరి బిగబట్టాను. సగం దూరం నీళ్లు అద్దంలా ఉన్నాయి. గెలిచాననుకున్నాను. తరువాత ఛాతీ మండింది, కణతలు కొట్టుకున్నాయి. ఇంకొక్క మీటరు అనుకుంటుండగానే నాకు తెలియకుండా గాలి మొత్తం ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది. అన్ని బుడగలు ఒక్కచోట తగిలేసరికి కప్పు మట్టి పెళ్లలుగా రాలింది. చూపు పోయింది. ఆయాసంతో కాళ్లు కొట్టుకున్నాను. నోట్లోని గొట్టం జారింది. తాడు వదిలేశాను. వెనక ఉన్న మంజుల నా చీలమండ దొరకబుచ్చుకుని ఈడ్చుకొచ్చింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఈ ఉత్తరం వేరే ఎవరో రాసేవారు.

ఎవరు చెప్పారు ఇట్లా చేయమని బృందనాయకుడు గద్దించి అడిగాడు. నా సొంత ఆలోచనేనన్నాను. ఈ సీజనుకు నన్ను నీళ్లలోంచి తప్పించాడు. మళ్లీ రానిస్తాడో లేదో చెప్పలేదు. రెండో సరస్సు అక్కడే ఉంది, నేను ఇక్కడున్నాను.

ఒక్కటే వేడుకోలు. హుసేనప్ప తాతకు ఈ సంగతి చెప్పకండి. ఆయన ఒంటి ఊపిరితో మునిగే మనిషి, తనకు తెలిసింది చెప్పాడు. తన మాటవల్ల నేను చావబోయానని తెలిస్తే ఇక బావిలోకి దిగలేడు. మీకు ఆయనంటే ఇష్టం లేదని గ్రహించాను. ఈ వార్త మీ చేతిలో కర్ర కాకూడదు.

కారణం తరువాత రాస్తానన్నారు. ఏం కారణం?

మీ సుమయ్య.

*

ఆదోని,
25 మార్చి 2023.

సుమయ్యకు.

ఇది దీవెనతో మొదలుపెట్టే అర్హత లేని ఉత్తరం. చివరిదాకా చదువు.

ఫిబ్రవరిలో నేను ఎమ్మిగనూరు వెళ్లలేదు. ఆదోని బస్టాండులో బస్సు ఎక్కి కూర్చున్నాను. నీ చీటీ జేబులో ఉంది. పదిమందిలో మహేశ్వర్ నవ్విన నవ్వు మనసులో ఉంది. ఆ బావులవాడి గడపలో నిలబడి, నీ శిష్యురాలు నిన్ను ఒక మాట అడుగుతోందని నా నోటితో చెప్పాలి. బస్సు కదలకముందే దిగిపోయాను. ఇంటికి వచ్చి ఆ జవాబు నేనే వ్రాశాను. అతని యాసలో వ్రాశాను. నలభై ఏళ్లు వీధివారందరి మాటలూ విని వ్రాసినవాడికి ఒక యాస కట్టడం ఎంత పని! వారు చెప్పినదాన్ని అప్పుడప్పుడు చక్కదిద్ది వ్రాయడం నాకు అలవాటే. ఎవరూ కనిపెట్టలేదు. అదే అలవాటు నీ ప్రాణం మీదికి తెచ్చింది.

ఊపిరి అని ఎందుకు వ్రాశానో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ రెండో సరస్సుకు నిన్ను నా ఊపిరి చేర్చాలి. అతని పేరు మీదనైనా సరే, నాది చేర్చాలి. సిలిండర్ల శాస్త్రం నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు. ఆ వేలిముద్ర నాది. నీవు వేలు ఆనించి చూసుకున్నది దానిమీదే.

నీ ఉత్తరం చేరినది మొదలు వారం రోజులు నీ మాట వెనుక దాక్కున్నాను. అతనికి చెప్పవద్దని నీవే అన్నావు కదా అని. ఉగాది వెళ్లింది. నిన్న రంజాను ఉపవాసాల మొదటి రోజా. ముందునాడు కైరుప్పల జాతరలో పిడకలు విసురుకునే పోరు చూసి తిరిగిపోయే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. నిలబడే వెళ్లాను.

మదార్‌బీ తోడు రాగా హుసేనప్ప ఇంటికి పోయాను. నులకమంచం వాల్చి, చెంబుతో నీళ్లు తెచ్చాడు. రోజాలో ఉన్నానన్నాను. "మరిసిపోయినా సాబూ" అని చెంబు లోపల పెట్టించాడు. నీ ఉత్తరాలు, నేను వ్రాసిన చీటీ, అన్నీ చదివి వినిపించాను. తలవంచుకుని విన్నాడు. అతని మాటలు మదార్‌బీ నా చెవి దగ్గర గట్టిగా తిరిగి చెప్పింది.

"ఆ నా చీటీ ఇంగోసారి సదువు సాబూ."

చదివాను.

"బాగా రాసినావు. నేను గూడ అంత బాగా మాట్లాడను. ఊపిరి బిగబట్టమని నేనెప్పుడు సెప్పినానప్పా? ఆ పాప కాడ గాలి డబ్బా ఉండాదంట గదా, ఊపిరి సంగతి నాకేం దెలుసు?"

మదార్‌బీ ఏడ్చింది. "ఎంత పని చేస్తివన్నా! బిడ్డ పోయుంటే ఎవురికి చెప్పుకుందుము?" అన్నది.

ఇక నీవు అడిగినదానికి హుసేనప్ప చెప్పిన జవాబు. ఈసారి ఒక్క మాట మార్చలేదు. వ్రాసి, అతనికి చదివి వినిపించి, తస్లీమాకంటే చిన్నపిల్ల ఒకతె బడిసంచీతో అక్కడ ఉంటే దానిచేత కూడా చదివించి, అతను ఔనన్నాకే ముద్ర వేయించాను.

"పాపా, కాళ్లు సచ్చినట్ల పెట్టుకోవల్ల. బురద లేపేటివి కాళ్లు. ఎల్లకిల పండుకోని, పైరాయిని రెండేళ్లతో పట్టుకోని, మెల్లగ లాక్కుంట పోవల్ల. ఊపిరి నీకు నేర్పినోళ్లు యెట్ల నేర్పింటే అట్లనే ఇడువు. నువ్వు నీళ్లు తేటగ ఉండేది జూసినావు. అది నాలుగో దినం. అంతకు ముందు మూడు దినాలు బురద లేసింది. లేసిన దినమల్లా వట్టి సేతుల్తో ఎనిక్కొచ్చేసినా. ఊర్లో నగినారు. నగితే నగనీ అనుకున్న్యా. బురద లేసిందంటే ఆ దినం ఆ బాయి మనది గాదు. అది జూడను నువ్వు రాలేదు. నేను గూడ సెప్పలేదు. సెప్పాల్సింది, తప్పు నాది గూడ ఉండాది."

అతని తప్పు ఏమీ లేదు. అది కూడా అతను చెప్పినట్టే వ్రాశాను.

బయలుదేరేటప్పుడు గడపదాకా వచ్చాడు. "సాబూ, పాప నాకు ఈ మూడేండ్లలో ఒక్క కాగితం రాయలేదు. నీకైతే పదైదు దినాలకొకటి రాస్తాదంట. నాకు ఎట్లుంటాదో నువ్వే సెప్పు" అన్నాడు. సుమయ్యా, నేను అసూయపడిన మనిషి నన్ను చూసి అసూయపడుతున్నాడని తెలియడానికి నాకు డెబ్బైఆరేళ్లు పట్టింది.

క్షమించమని అడగను. బృందనాయకునికి నిజం చెప్పు. నా పేరు చెప్పు.

గఫూర్.

*

పోర్ట్ బ్లెయిర్,
10 ఏప్రిల్ 2023.

దాదాకు.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. క్షమించానని ఇప్పుడే రాస్తే అది మీరు నేర్పిన మర్యాద అవుతుంది, నిజం కాదు. వచ్చినప్పుడు రాస్తాను.

నిజం చెప్పాను. బృందనాయకుడు, "ఎవరు రాశారన్నది మీ ఇంటి విషయం. నేర్చుకున్న పాఠాన్ని పక్కనపెట్టింది నువ్వు" అన్నాడు. ఆయన మాట ఒప్పుకున్నాను. ఆశ కళ్లకు అడ్డం పడింది. నవంబరులో మొదటి మెట్టు నుంచి మళ్లీ శిక్షణ. అది నెగ్గితే ఆ దారి మళ్లీ చూడవచ్చు. హుసేనప్ప తాత జవాబు ఆయనకు తర్జుమా చేసి వినిపించాను. "వెనక్కి వచ్చేయమన్న మాట మాత్రం గోడమీద రాసి పెట్టు" అన్నాడు. పెట్టాం. రాసింది మంజుల. తెలుగులోనే.

రెండు సంగతులు. హుసేనప్ప తాతకు ఇకమీదట నేనే రాస్తాను. ఆ ఉత్తరాలు మదార్‌బీ దాదీ పేరున వస్తాయి. వాటిని ఆ బడిపిల్ల చదువుతుంది. మీ చేతుల మీదుగా రావు. మీకు బాధ కలుగుతుందని తెలిసే రాస్తున్నాను.

రెండోది, మీకు రాయడం మానను.

సుమయ్య.

*

ఆదోని,
22 ఏప్రిల్ 2023, ఈదుల్ ఫితర్.

చిరంజీవి సుమయ్యకు దాదా దీవించి వ్రాయునది.

నీ ఏర్పాటు సబబైనది. శిరసావహిస్తున్నాను. బాధ కలిగింది. ఈర్ష్య పూర్తిగా పోయిందని ఈ పండుగనాడు అబద్ధం ఎందుకు వ్రాయాలి? నిన్న మదార్‌బీ కబురు పంపింది, హుసేనప్పకు నీ ఉత్తరం వచ్చిందట, నాలుగు పేజీలట. నాకు వచ్చింది రెండు పేజీలు. లెక్కపెట్టాను. లెక్కపెట్టినందుకు నన్ను నేనే చీవాట్లు పెట్టుకున్నాను.

సమితిలో జరిగినదంతా చెప్పాను. ఈసారి చేతులు కదలలేదు. మహేశ్వర్ మాత్రం నన్ను ఇంటిదాకా దిగబెట్టి, "ఇంత దప్పు జేసి ఒప్పుకునే ధైర్యం నాకైతే లేదు సార్" అని నా అరచేతిలో వేలితో వ్రాసి పోయాడు.

వీధివారికి ఇప్పటికీ వ్రాసిపెడుతున్నాను. మొన్న ఎల్లమ్మ పింఛను అర్జీకి వచ్చింది. "మూడు నెల్లాయె, నా కడుపు మండుతాంది, మీ కండ్లకు కనపడదా అని రాయి సార్" అన్నది. "విన్నవించుకొనుచున్నాను" అని కలం దానంతటదే పోబోయింది. ఆపాను. కడుపు మండుతాంది అనే వ్రాసి, చదివి వినిపించాను. "ఆఁ, ఇదీ నా మాట!" అన్నది.

నవంబరులో నీవు దిగేనాడు నా పద్యం నీకు గుర్తు రానక్కరలేదు. ఎప్పటిలా గాలి పీల్చు, ఎప్పటిలా వదులు. నీళ్లు మసకబారితే తిరిగి వచ్చేయి. రెండో సరస్సును మొదట చూసే కళ్లు మంజులవి అయినా, ఇంకెవరివి అయినా, నీవు గట్టుమీద సంతోషంగా నిలబడగలిగే మనసు నీకు కలగాలి. అది నేను నీకు నేర్పలేకపోయాను.

అల్లాహ్ నిన్ను చల్లగా చూచుగాక. నీ వెనుక ఆ నీటిలోకి దిగబోయే బిడ్డలు, నేను ఎన్నడూ చూడబోని ఆ బిడ్డలు, చీకటిలో తాడు వదలకుందురుగాక. వట్టి చేతులతో తిరిగి వచ్చిననాడు వారికి ఇంట అన్నం వేడిగా దొరుకుగాక. వారు ఎవరిని ప్రశ్న అడిగితే వారికే ఆ ప్రశ్న చేరుగాక. వారు చెప్పినది చెప్పినట్టే ఆ బిడ్డల చేతికి అందుగాక.

నీ దాదా.